ఉమాకాంతంగారి కన్నీటి తూకం

ఉమాకాంతంగారు ముప్పై ఒక్క ఏళ్ళుగా సినిమాల్లో ఏడుస్తున్నారు. అదే ఆయన వృత్తి. నూట నలభై సినిమాల్లో నూట నలభైమంది కూతుళ్ళను అత్తారింటికి సాగనంపి, ప్రతిసారీ పందిరి గుంజ పట్టుకుని కండువాతో కళ్ళొత్తుకున్నారు. పెళ్ళిళ్ళలో అప్పగింతల వేళ వీడియోవాళ్ళు ఆడపిల్ల తండ్రి దగ్గరికెళ్ళి, "కొంచెం ఉమాకాంతంగారిలా ఏడవండి సార్" అని అడగడం రివాజైపోయింది. ఇంతమందికి నాన్నయిన మనిషికి సొంత పిల్లలు లేరు. ఆ లోటు జనమే తీర్చారని ఆయన సభల్లో చెప్పుకునేవారు, జనం చప్పట్లు కొట్టేవారు.

ఆ కన్నీళ్ళన్నీ గ్లిజరిన్ పుణ్యమే. కంటికి రెండు చుక్కలు వేస్తే సీను అయ్యేదాకా ధార తెగేది కాదు. నిజంగా ఏడ్చింది ఒక్కసారే, అదీ కెమెరా లేదనుకుని ఏడ్చారు. కొంప అక్కడే మునిగింది.

రంగపాలెంలో ఆయనకు నాటకం నేర్పిన సూరపరాజు మాస్టారు పోయారు. కబురు తెలియగానే ఉమాకాంతంగారు షూటింగ్ ఆపించి కారెక్కారు. పాడె మోశారు. వెక్కి వెక్కి ఏడ్చారు. శ్మశానం ముందు పాడె దించి, పోయినవాళ్ళ చెవిలో మూడుసార్లు పిలుస్తారు కదా, పలుకుతారేమోనన్న ఆశతో, ఆ దింపుడు కళ్ళం దగ్గర "మాస్టారూ" అని పిలిచింది కూడా ఆయనే. సన్నగా తుంపర పడుతుంటే వెనక నుంచి ఎవరో పుణ్యాత్ముడు ఆయన నెత్తిన గొడుగు పట్టాడు. ఇంకెవరో పుణ్యాత్ముడు ఫొటో తీశాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ రాష్ట్రంలో పార్టీలు రెండే. ఒకదాని గుర్తు గొడుగు, రెండోదాని గుర్తు జల్లెడ. మాస్టారి కొడుకు గొడుగు పార్టీ ఎమ్మెల్యే. ఏ రాష్ట్రమని మాత్రం అడక్కండి, అడిగినవాళ్ళది ఏ పార్టీయో నాకు తెలియదు.

మర్నాటికి ఉమాకాంతంగారు సగం రాష్ట్రానికి నాన్న కాకుండా పోయారు. జల్లెడ మహిళా విభాగం వారు నడిరోడ్డున ఆయన పోస్టరును జల్లించే కార్యక్రమం పెట్టుకున్నారు. ఒక పెళ్ళిలో మగపెళ్ళివారు గొడుగు, ఆడపెళ్ళివారు జల్లెడ కావడంతో, అప్పగింతల వీడియోలో ఆయన బొమ్మ ఉండాలా వద్దా అని తగువు పడి పెళ్ళికూతుర్ని రెండు గంటలు ఆలస్యంగా పంపారు. చివరికి ఆయనకు ఇరవై ఏళ్ళుగా గడ్డం గీస్తున్న మంగలి వీరన్న ఒక చెంప పూర్తిచేసి, కత్తి ఆపి, "మీరు వాళ్ళ మనిషంట కదా సార్?" అన్నాడు. రెండో చెంప ఇంటికొచ్చి ఆయనే గీసుకున్నారు. ఇంత గొడవలోనూ మీ అభిప్రాయం ఏమిటని ఉమాకాంతంగారిని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. అందరూ ఒకరినొకరు అడిగి తెలుసుకున్నారు.

ఇది వేరే రోజుల్లో అయితే నాలుగు నాళ్ళు గోల జరిగి సద్దుమణిగేది. కానీ అప్పటికే సినిమా పెద్దలు ప్రతిష్ఠా సమతూక మండలి అని ఒకటి పెట్టి కూర్చున్నారు. కిందటి ఎన్నికల్లో ఒక హీరో ఓటేసి బయటికొస్తూ ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుంటే అది గొడుగు సైగ అన్నారు. ఒక హీరోయిన్ టీవీలో అరిసెల పిండి జల్లిస్తే అది ప్రచారమన్నారు. ఇద్దరి సినిమాలకూ థియేటర్లో గబ్బిలాలు తప్ప ఎవరూ రాలేదు. దాంతో పెద్దలు భయపడి ఒక నియమం చేశారు. కళాకారుడు ఒక పక్షానికి ఏ మేరకు మొగ్గితే, రెండో పక్షానికీ సరిగ్గా ఆ మేరకే మొగ్గి చూపించాలి. మండలి సమతూక పత్రం ఇస్తేనే సినిమాకు థియేటర్లు. మొగ్గు ఎంతో తేల్చడానికి తూనికలు కొలతల శాఖలో ముప్పై రెండేళ్ళు చేసి రిటైరైన వైకుంఠరావుగారిని అధ్యక్షుణ్ణి చేశారు. కిలో రాయిలో నాలుగు గ్రాముల తరుగు కనిపెట్టి ఒక కిరాణా కొట్టు మూయించిన ఘనుడాయన.

సరిగ్గా అప్పుడే ఉమాకాంతంగారి జీవితంలో మొదటిసారి ఆయనే కథానాయకుడుగా ఒక సినిమా తయారై డబ్బాలో ఉంది. టైటిల్స్‌లో ముందు ఆయన పేరు. అందులో నాన్న ఏడవడు, మొదటి నుంచి చివరిదాకా నిలబడి పోరాడతాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయన ఎదురుచూసింది ఆ ఒక్క సినిమా కోసం. నిర్మాత పరాంకుశం ఆయన్ని వెంటబెట్టుకుని మండలికి వెళ్ళాడు.

వైకుంఠరావుగారి బల్లమీద ఇత్తడి త్రాసు ఒకటి ఉంది. దాని పక్కనే ఆయన సహాయకుడు లింగేశ్వరరావు స్టాప్‌వాచీతో నిలబడ్డాడు.

"సదరు కళాకారుడు సదరు తేదీన, గొడుగు పక్షమునకు చెందిన మృతదేహమును మోసియున్నారు," అన్నారు వైకుంఠరావుగారు.

"శవానికి పార్టీ ఏంటండీ? ఆయన మా మాస్టారు," అన్నారు ఉమాకాంతంగారు.

"మృతుని కుమారుడు శాసనసభ్యుడు. మృతుడు ఆ ఇంట భోజనము చేసినవాడు. తత్కారణముగా మృతుడు తత్పక్షీయుడు."

"ఆ ఇల్లు మాస్టారిదండీ. కొడుకే ఆయనింట్లో భోంచేశాడు."

"అది మండలి పరిధిలోనికి రాదు. లింగేశ్వరరావూ, కొలత చదువు."

రంగపాలెం వెళ్ళి చూసినవాళ్ళందర్నీ అడిగి రాసుకొచ్చిన లెక్కను లింగేశ్వరరావు చదివాడు. "పాడె మోసిన దూరం నాలుగు వందల పన్నెండు అడుగులు. రోదనము ఏడు నిమిషాల ఇరవై సెకన్లు. దింపుడు కళ్ళం వద్ద పిలుపులు మూడు. నాణ్యత స్వచ్ఛం సార్. కల్తీ లేదు. ముక్కు కూడా కారింది."

వైకుంఠరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అంత స్వచ్ఛమైన సరుకు ఆయన సర్వీసులో చూడలేదట. "తొంభై దినములలో జల్లెడ పక్షమునకు చెందిన ఒక మృతునికి అంతే దూరము, అంతే రోదనము, అంతే నాణ్యతతో సమర్పించవలెను. అంతవరకు పత్రము నిలిపివేయడమైనది."

పరాంకుశం గొంతు తగ్గించి, "ఏదో రెండు చుక్కలు గ్లిజరిన్ వేసి..." అన్నాడు.

వైకుంఠరావుగారు కుర్చీలోంచి లేచారు. "కల్తీయా! నా ఎదుటనా!"

ఇద్దరూ అక్కణ్ణుంచి జల్లెడ పార్టీ జిల్లా ఆఫీసుకు వెళ్ళారు. జిల్లా అధ్యక్షుడు మర్యాదస్తుడు, కాఫీ ఇప్పించాడు. విషయం విని నొచ్చుకున్నాడు. "మాది కుర్రకారు పార్టీ అండి. ప్రస్తుతానికి ఎవరూ అందుబాటులో లేరు. కిందటి నెల్లో ఇద్దరు పోయారు, మీరే ఆలస్యం చేశారు," అన్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఉండండుండండి. మా పార్టీ పెట్టినాయన ఒకరున్నారు, మద్దాల మార్కండేయులుగారని. తొంభై ఒకటి. మూడేళ్ళుగా మంచమ్మీదే. డాక్టర్లు వారమన్నారండి."

"ఎప్పుడన్నారు?"

"రెండేళ్ళ కిందట. అంటే ఇంక ఏ క్షణమైనా అనే కదండీ."

ఎరగని మనిషి కోసం కల్తీ లేని కన్నీళ్ళు ఎక్కణ్ణుంచి తేవాలని ఉమాకాంతంగారు మండలికి ఉత్తరం రాశారు. న్యాయమైన సందేహమేనని మండలి ఒప్పుకుంది. వారానికి రెండు దఫాలు, మంగళ, శుక్రవారాల్లో, దఫాకు రెండు గంటల చొప్పున సదరు మార్కండేయులుగారితో ఆత్మీయతాభ్యాసం చెయ్యాలని ఉత్తర్వు వచ్చింది.

మొదటి మంగళవారం ఉమాకాంతంగారు పూతరేకుల పొట్లంతో ఆ గుమ్మం ఎక్కారు. రంగపాలేనికి పక్క ఊరే అది. ముసలాయన కోడలు సుభద్రమ్మ లోపలికి తీసుకెళ్ళింది. మంచంలో చర్మం కప్పుకున్న ఎముకలు కొన్ని కదిలాయి.

"ఎవరూ?"

"ఉమాకాంతాన్నండి. సినిమాల్లో వేషాలు..."

"ఏడుపాయనవా? నాకింకా టైముంది కదయ్యా, అప్పుడే వచ్చేశావేంటి?"

ఉమాకాంతంగారు పొట్లం విప్పారు. పూతరేకులు చేతికిచ్చారు. ముసలాయన ఒకటి నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఈ మూడేళ్ళలో ఆయన ఇష్టంగా తిన్నది అదే మొదటిసారని సుభద్రమ్మ గుమ్మం దగ్గర నిలబడి చెప్పింది.

రెండో వారానికి ముసలాయన దిండు ఆనుకుని కూర్చున్నాడు. నాలుగో వారానికి కాఫీలో చక్కెర తక్కువైందని కోడల్ని కేకలేశాడు. ఆరో వారానికి ఉమాకాంతంగారి భుజం పట్టుకుని వసారాలోకి నడిచి, వీధిలో పోయేవాళ్ళనందర్నీ పేరు పేరునా పిలిచి తిట్టాడు. డాక్టరు వచ్చి నాడి చూసి, ఇది తన వైద్యమేనని పేపర్లో వేయించుకున్నాడు.

ప్రతి శుక్రవారం పరాంకుశం ఫోన్ చేసేవాడు. "ఎలా ఉన్నారండీ ఆయన?"

"బాగున్నారు."

"అయ్యో!"

ఉమాకాంతంగారి అవస్థ పగవాళ్ళకు కూడా వద్దు. గేటు దగ్గర కారు దిగగానే లోపల ఏడుపులేమైనా వినిపిస్తున్నాయా అని ఆయన చెవి తనంతట తనే రిక్కించుకునేది. ముసలాయన దగ్గు వినబడగానే ప్రాణం లేచొచ్చేది. ఆ వెంటనే డబ్బాలో ఉన్న సినిమా గుర్తొచ్చి ఉసూరుమనేది. ఒకే గేటు దగ్గర ఈ రెండూ జరుగుతున్నందుకు ఆయనకు తనమీద తనకే అసహ్యం వేసేది.

అక్కడ మండలి కూడా ఊరికే లేదు. ఉమాకాంతంగారు జల్లెడ ఇంట్లో ఇన్నేసి గంటలు గడుపుతున్నారని గొడుగువాళ్ళు ఫిర్యాదు చేశారు. ఆ గంటలు సరితూచడానికి బుధ, శనివారాల్లో ఆయన గొడుగు పార్టీ ఆఫీసులో కూర్చోవాలని ఉత్తర్వైంది. ఆయనతో ఏం చెయ్యాలో అక్కడెవరికీ తెలియదు. ఒక కుర్చీలో కూర్చోబెట్టి, రెండు గంటలకు లేపి, సంతకం పెట్టించుకుని పంపేవారు.

ఒక శుక్రవారం లింగేశ్వరరావు ఆత్మీయత తనిఖీకి వచ్చాడు. ఫారం తెరిచి, "మీకు వీరంటే ఎంత ఇష్టమండీ? కొద్దిగా, మధ్యస్థముగా, మిక్కిలిగా. ఏదో ఒకటి చెప్పాలి," అన్నాడు.

ఉమాకాంతంగారు నేల చూపులు చూశారు. ముసలాయనే అందుకున్నాడు. "మిక్కిలిగా అని రాసుకోవయ్యా. ఆయనకి మొహమాటం."

లింగేశ్వరరావు అలాగే రాసుకుని వెళ్ళిపోయాడు.

"నా చావు కోసం వస్తున్నావని నాకు మొదటి రోజే తెలుసులే," అన్నాడు ముసలాయన. "బాధపడకు. నేనూ యాభై ఏళ్ళు రాజకీయాల్లో ఉన్నవాణ్ణే. మూడేళ్ళుగా మా పార్టీవాడు ఒక్కడు ఈ గుమ్మం తొక్కలేదు. ఇప్పుడు నా చావు పనికొస్తుందని తెలిసి వారం వారం పళ్ళు పంపుతున్నారు."

"క్షమించండి పెద్దాయనా."

"ఎందుకూ? మా సూరపరాజుని మోసినోడివి. నేను మోయాల్సిన పాడె అది."

ఉమాకాంతంగారు తలెత్తి చూశారు.

"మీ మాస్టారు రాజు వేషం, నేను రాణి వేషం. పదకొండేళ్ళు కట్టాను. నడుం ఇంతే ఉండేది అప్పట్లో. పార్టీ పెట్టాక, ఆడవేషాలు కట్టినోడని తెలిస్తే ఓట్లు పడవన్నారు. ఫొటోలన్నీ తగలెట్టించారు. మీ మాస్టారు గొడుగుకే ఓటేసేవాడయ్యా, నాకు చెప్పి మరీ వేసేవాడు. నేను పొద్దున మైకులో గొడుగువాళ్ళని దుమ్మెత్తిపోసేవాణ్ణి, సాయంత్రం ఇద్దరం ఒకే రిక్షాలో తాలింఖానాకి కుస్తీలు చూడ్డానికి పోయేవాళ్ళం. ఎవడూ తూకం వెయ్యలేదు." ఆయన కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "నాకు దింపుడు కళ్ళం దగ్గర నువ్వే పిలవాలి. పెద్దాయనా గిద్దాయనా అనకు. మీ మాస్టారు స్టేజి మీద పిలిచినట్టు పిలువు. దానికైతే పలుకుతానేమో."

ఎనభై నాలుగో రోజున మండలి నుంచి తాఖీదు వచ్చింది. పరాంకుశం దాన్ని పట్టుకుని ఉమాకాంతంగారింటికి పరిగెత్తుకొచ్చాడు. తనిఖీ నివేదిక ప్రకారం ఆత్మీయత మిక్కిలిగా చేకూరినది. సందర్శనల వలన సదరు వృద్ధుని ఆరోగ్యము అనుచితముగా మెరుగగుచున్నది. కావున ఇకపై సందర్శనలు నిలిపివేసి, సహజ పరిణామమునకు అవకాశమీయవలెను.

"మీరు వెళ్ళడం మానేస్తే చాలండి," అన్నాడు పరాంకుశం, ఆయన మొహంలోకి చూడకుండా. "మీరేం చెయ్యక్కర్లేదు. ఊరికే మానేస్తే చాలు. ఆయనంతట ఆయనే మళ్ళీ మంచమెక్కుతారు. ముప్పై ఏళ్ళకొచ్చిన అవకాశం. మళ్ళీ రాదు."

ఉమాకాంతంగారు ఆ తాఖీదును రెండుసార్లు చదివారు. "ఇవాళ వారమేంటి?"

"శుక్రవారమండి."

ఆయన లేచి కండువా వేసుకున్నారు. "ఆ సినిమాలో నేను ఎవరికీ లొంగని నాన్ననయ్యా పరాంకుశం. ముసలాయన్ని ఒంటరిగా వదిలేస్తే తొరగా చస్తాడని ఇంట్లో కూర్చుంటే, తెరమీద ఆ మొహం నేనే చూడలేను." దారిలో కారు ఆపించి పూతరేకులు కొన్నారు.

గడువు దాటిపోయింది. డబ్బా అలాగే ఉంది. మార్కండేయులుగారు కూడా ఇంకో నాలుగు నెలలు ఆ పేరుకు తగ్గట్టే ఉన్నారు. ఒక మధ్యాహ్నం పనసపొట్టు కూరతో తృప్తిగా భోంచేసి, వసారాలో పడక్కుర్చీలో ఉమాకాంతంగారికి రాణి నడక ఎలా నడవాలో కూర్చునే చేత్తో చూపిస్తూ, చూపిస్తూ ఆగిపోయారు. ఉమాకాంతంగారు ఆ చెయ్యి పట్టుకుని, తర్వాతి అడుగేమిటని అడిగారు. రెండుసార్లు అడిగాక గాని ఆయనకు అర్థం కాలేదు.

మర్నాడు శవయాత్రకు జల్లెడ పార్టీ అంతా కదిలొచ్చింది. పాడె మీద జెండా కప్పారు. పూలదండలకన్నా జల్లెడలే ఎక్కువ వచ్చాయి. ఫైలు ఇంకా మూయలేదు గనక వైకుంఠరావుగారు, లింగేశ్వరరావు కొలత టేపుతో, స్టాప్‌వాచీతో సహా పక్కనే నడిచారు. ఉమాకాంతంగారికి వాళ్ళు కనిపించనే లేదు. ఆయన భుజం మార్చుకోకుండా శ్మశానం దాకా మోశారు.

దింపుడు కళ్ళం దగ్గర పాడె దించగానే జిల్లా అధ్యక్షుడు, "పార్టీ వ్యవస్థాపకులూ అని పిలవండి సార్, టీవీవాళ్ళున్నారు," అన్నాడు చెవిలో. ఉమాకాంతంగారు మోకాళ్ళమీద కూర్చుని ముసలాయన చెవి దగ్గర వంగారు.

"రాణీ," అని పిలిచారు.

జెండాలు పట్టుకున్నవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అధ్యక్షుడు మైకుకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"రాణీ," అన్నారు మళ్ళీ, సూరపరాజు మాస్టారు నేర్పిన గొంతుతో, ఆఖరి వరసలో కూర్చున్నవాడికి కూడా వినపడేలా. మూడోసారి పిలవలేకపోయారు. మాస్టారి కోసం మిగిలిన ఏడుపు, ఈయన కోసం వచ్చిన ఏడుపు, గేటు దగ్గర చెవి రిక్కించినందుకు సిగ్గుతో వచ్చిన ఏడుపు, అన్నీ ఒక్కసారే తన్నుకొచ్చాయి. కండువా చాల్లేదు. ఎవరో వచ్చి లేవదీసేదాకా ఆయన ఆ మట్టిలోనే ఉండిపోయారు.

జల్లెడాయన కోసం మట్టిలో పడి ఏడ్చాడని సాయంత్రానికి గొడుగువాళ్ళ సగం రాష్ట్రం కూడా ఆయన్ని వదిలేసింది. మా వ్యవస్థాపకుణ్ణి ఆడదాన్ని పిలిచినట్టు పిలిచి అవమానించాడని జల్లెడవాళ్ళు కొత్త పోస్టరు కొని మళ్ళీ జల్లించారు. ఇప్పుడు ఉమాకాంతంగారు ఎవరికీ నాన్న కారు. ఆ విధంగా పూర్తి సమతూకం కుదిరింది కదా, పత్రం ఇప్పించండని పరాంకుశం ఆఖరి ఆశతో మండలికి అర్జీ పెట్టుకున్నాడు. గడువు సంగతి మండలి పెద్దమనసుతో మన్నించి ఇద్దర్నీ పిలిపించింది.

"చదువు లింగేశ్వరరావూ."

"దూరం సరిపోయింది సార్. నాణ్యత స్వచ్ఛం. రోదనము మాత్రం ఇరవై నిమిషాల నలభై సెకన్లు."

వైకుంఠరావుగారు త్రాసును వేలితో ఆపారు. "జల్లెడ పక్షమునకు పదమూడు నిమిషాల ఇరవై సెకన్లు అధికము. తూకము చెడినది. కావున గొడుగు పక్షమున మరియొక మృతునికి సదరు పదమూడు నిమిషాల ఇరవై సెకన్లు సమర్పించినచో పత్రము మంజూరు కాగలదు. గొడుగు పక్షమువారు ముందుచూపుతో ముగ్గురి పేర్లు పంపియున్నారు. ముగ్గురును డెబ్బై దాటినవారే. ఆత్మీయతాభ్యాసము సోమవారము నుండి."

జాబితా బల్లమీద ఉమాకాంతంగారి వైపు జరిగింది. పరాంకుశం కళ్ళతోనే బతిమాలాడు. డబ్బాలో ఉన్న సినిమా ఆయనకూ గుర్తొచ్చింది, లేకపోలేదు. అందులో తన పేరు ముందుంటుంది. ఆయన ఆ ముగ్గురి పేర్లూ ఓపిగ్గా చదివి, జాబితాను మడిచి త్రాసు పళ్ళెంలో పెట్టారు. తేలికపాటి కాగితమే, పళ్ళెం కొంచెం కిందికి దిగింది.

"వీళ్ళని నూరేళ్ళు బతకనివ్వండి," అన్నారు. "నేను మోయాల్సిన పాడె ఇంకొకటుంది. మీ మండలిది. ఎప్పుడు లేచినా కబురు పెట్టండి, ముందు కొమ్ము నేనే పట్టుకుంటాను. గ్లిజరిన్ మాత్రం మీరే తెప్పించుకోండి."